చిన్న భుజానికి తగిన బ్యారెల్: పది అనుభవ పాఠాలు

హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చాక, మన రేంజ్‌ల మెట్లెక్కే పిల్లలు ఎక్కువయ్యారు. వాళ్లలో ఆడపిల్లలూ చాలామందే. అయితే వచ్చే పిల్లల ఒళ్లు ఒక తీరు, క్లబ్బు బీరువాలోని రైఫిళ్లు మరో తీరు. అవి చాలావరకు ఎదిగిన మగవాళ్ల కొలతలకు కొన్నవి. పన్నెండు పదమూడేళ్ల సన్నపాటి పిల్ల చేతికి అదే ఇస్తారు. ఆ పిల్ల కొన్నాళ్లు అవస్థ పడుతుంది, నడుము నొప్పి తెచ్చుకుంటుంది, ఆఖరికి "నాకు షూటింగ్ రాదు" అనుకుని మానేస్తుంది. నిజానికి ఆమెకు వస్తుందో రాదో అప్పటికింకా తేలనే లేదు. ఆ రైఫిల్ ఆమెకు తగినది కాదన్నది మాత్రమే తేలింది.

ఎన్‌సీసీ క్యాంపుల్లో పాయింట్ 22 రైఫిల్ పట్టించడంతో మొదలుపెట్టి, ఆ తర్వాత ఎయిర్ రైఫిల్ రేంజ్‌లలో పిల్లల పక్కన నిలబడి వయసు గడిపినవాణ్ణి. చిన్న ఒంటివాళ్లకు ఎలాంటి బ్యారెల్ కావాలి, ఎంత బరువు ఉండాలి, ఆ బరువు ఎక్కడ ఉండాలి అన్న విషయంలో నేను నేర్చుకున్నవి తల్లిదండ్రుల కోసం, కొత్త కోచ్‌ల కోసం ఇక్కడ రాస్తున్నాను. ఎడమచేతి వాటం వాళ్లు కుడి ఎడమలు మార్చి చదువుకోండి.

1. ఎంత బరువన్నది కాదు, ఎక్కడ ఉందన్నది చూడండి

రైఫిల్ కొనేటప్పుడు అందరూ అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని కిలోలు?" ఆ అంకె సగమే చెబుతుంది. రైఫిల్‌ను మోసే ఎడమ చేతికి 20 సెంటీమీటర్ల ముందు ఉన్న 100 గ్రాములు ఒకటి, 60 సెంటీమీటర్ల ముందు, బ్యారెల్ మూతి దగ్గర ఉన్న 100 గ్రాములు మరొకటి. తక్కెడ రెండింటినీ ఒకటే అంటుంది. చెయ్యి మాత్రం ఒప్పుకోదు. దూరంగా ఉన్నది మూతిని మూడు రెట్లు ఎక్కువగా కిందికి లాగుతుంది. చంకన పెట్టుకున్న నీళ్ల బిందెతో ఊరంతా నడిచే ఆడమనిషి, అదే బిందెను చేయి చాచి పట్టుకోమంటే నిమిషం నిలవలేదు. నిలబడి కాల్చే భంగిమ ఈ సూత్రం మీదే నడుస్తుంది. ఎడమ మోచేయి తుంటి ఎముక మీదో పక్కటెముకల మీదో ఆనుతుంది, బరువు కండరం మీద కాక ఎముక మీద దిగుతుంది. మూతి వైపు బరువు పెరిగేకొద్దీ దాన్ని సరిచేయడానికి పిల్ల వెనక్కి మరింత వంగాలి. ఆ భారమంతా పడేది నడుము మీదే.

2. గరిష్ఠ పరిమితిని లక్ష్యం అనుకోవద్దు

అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఎయిర్ రైఫిల్ 5.5 కిలోలు దాటకూడదు. ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా అదే హద్దు. ఇంతకన్నా తక్కువ ఉండకూడదన్న నియమం మాత్రం ఎక్కడా లేదు. అయినా పెద్ద షూటర్ల రైఫిళ్లు ఆ హద్దుకు దగ్గరగా ఉంటాయని చూసి, మన పిల్లకూ అంతే ఉండాలనుకునే తండ్రులు ఎందరో. పెద్దవాళ్లు ఆ బరువుకు ఏళ్ల తరబడి మెట్టు మెట్టుగా చేరుకున్నారు. ఇంకో సంగతి. 2018కి ముందు మహిళల ఎయిర్ రైఫిల్ పోటీలో 40 షాట్లే ఉండేవి. ఇప్పుడు మగవాళ్లతో సమానంగా 60 షాట్లు, 75 నిమిషాలు. 5 కిలోల రైఫిల్‌ను 60 సార్లు ఎత్తితే 300 కిలోలు ఎత్తినట్టు. గురి కుదరక దించేసి మళ్లీ ఎత్తినవి, మొదట్లో సరిచూసుకునే షాట్లు ఈ లెక్కలో లేవు. మొదటి షాట్‌కు భరించగలిగిన బరువు అరవయ్యో షాట్‌కూ భరించగలిగేదేనా అన్నది అడగాల్సిన ప్రశ్న.

3. ఏ భంగిమకు కొంటున్నారో ముందు తేల్చుకోండి

ఎన్‌సీసీలో పిల్లలు ఎక్కువగా పడుకుని కాలుస్తారు. అక్కడ మేము వాడిన పాత పాయింట్ 22 నంబర్ 2 మార్క్ 4 రైఫిల్ సుమారు 3.9 కిలోలు, డీలక్స్ రైఫిల్ సుమారు 2.8 కిలోలు. పడుకున్నప్పుడు రెండు మోచేతులూ నేల మీద ఉంటాయి, బరువును నేలే మోస్తుంది. అందుకే సన్నటి క్యాడెట్ అమ్మాయిలు కూడా బరువైన రైఫిల్‌తోనే గుళ్లను దగ్గర దగ్గరగా గుంపుగా కొట్టేవాళ్లు. అదే పిల్లను నిలబెట్టి అదే రైఫిల్ ఇస్తే మూతి వణికేది. మోకాలి మీద కూర్చుని కాల్చేది ఈ రెంటికీ మధ్యస్థం. కాబట్టి "ఈ రైఫిల్ మా అమ్మాయికి బరువా?" అని ఎవరైనా అడిగితే, నిలబడి కాల్చడానికా, పడుకుని కాల్చడానికా అని తిరిగి అడుగుతాను. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ అయితే మొత్తం నిలబడే. తేలిక బ్యారెల్ అవసరం అందరికన్నా ఎక్కువ ఉన్నది అక్కడే.

4. బ్యారెల్‌ను నిందించే ముందు బట్ కొలవండి

"మూతి బరువుగా ఉంది సార్" అని పిల్ల అంటే, సగం సార్లు తప్పు బ్యారెల్‌ది కాదు, భుజానికి ఆనే బట్ పొడవుది. బట్ పొడుగైతే రైఫిల్ మొత్తం ముందుకు జరుగుతుంది. అప్పుడు తేలిక బ్యారెల్ కూడా బరువుగా తోస్తుంది. మెడ చాపాలి, కుడి భుజం ముందుకు తోయాలి, కన్ను సైట్‌కు అందదు. చూసే పద్ధతి పాతదే, తేలికైనదే. కుడి మోచేతిని లంబకోణంలో వంచి, బట్‌ను మోచేతి మడతకు ఆనించి, వేలు ట్రిగ్గర్‌కు హాయిగా అందుతుందో లేదో చూడండి. అందకపోతే బట్ పొట్టిది కావాలి. పోటీ ఎయిర్ రైఫిళ్లలో బట్ పొడవు, ఎత్తు, చెంప ఆనే పలక అన్నీ జరుగుతాయి. ఒక్క అలెన్ కీతో అయ్యే పని ఇది. జేబులోంచి డబ్బు తీసే ముందు ఈ పని చేయండి.

ఏ కొలత తీసినా ముందు రైఫిల్ తెరిచి, లోపల ఖాళీ అని కళ్లతో చూసి, బ్యారెల్ పొడవునా భద్రతా తాడు దూర్చండి. మూతి ఎప్పుడూ లక్ష్యాల వైపే ఉండాలి. ఖాళీ రైఫిల్‌కైనా ఈ నియమంలో మినహాయింపు లేదు.

5. తూగే చోటును సుద్దతో గుర్తు పెట్టండి

సన్నటి చెక్క అంచు మీద రైఫిల్‌ను అడ్డంగా పెట్టి, అటూ ఇటూ జరుపుతూ సరిగ్గా తూగే చోటు కనుక్కోండి. అక్కడ సుద్దగీత గీయండి. తర్వాత పిల్లను భంగిమలో నిలబెట్టి, ఎడమ చేయి సహజంగా ఎక్కడ ఆనుతుందో అక్కడ ఇంకో గీత గీయండి. ఈ రెండు గీతల మధ్య దూరమే మీ అసలు సమస్యకు కొలత. చేతులు పొట్టిగా ఉన్నవాళ్లకు మోచేయి తుంటి మీద ఆనాలంటే అరచేయి ట్రిగ్గర్ గార్డుకు దగ్గరగా వచ్చేస్తుంది. పొడుగాటి షూటర్‌కు సరిగ్గా తూగిన రైఫిలే వీళ్లకు మూతి వైపు వాలిపోవడానికి కారణం ఇది. తూగే చోటు చేతికి కొంచెం ముందు ఉంటే మంచిదే, మూతి నిలకడగా ఉంటుంది. జానెడు ముందుంటే మాత్రం తేలిక బ్యారెల్ గురించి ఆలోచించాల్సిందే.

6. పొడవు తగ్గించండి, మందం తగ్గించకండి

తేలిక బ్యారెల్ అనగానే సన్నటి బ్యారెల్ అనుకుంటారు. ఇక్కడ కాస్త లెక్క చూడాలి. పాయింట్ 22 ఉక్కు బ్యారెల్ 50 సెంటీమీటర్ల పొడవు, 23 మిల్లీమీటర్ల మందం ఉంటే ఒకటిన్నర కిలో తూగుతుంది. అదే పొడవులో 16 మిల్లీమీటర్లకు సన్నం చేస్తే దాదాపు 700 గ్రాములు. బరువు సగానికి పైగా పోయింది. కానీ వంగకుండా నిలిచే బిగువు మందం నాలుగో ఘాతంతో మారుతుంది కాబట్టి, అది నాలుగో వంతుకన్నా తక్కువకు పడిపోయింది.

ఇప్పుడు మూడో బ్యారెల్ చూడండి. 40 సెంటీమీటర్ల పొడవు, 20 మిల్లీమీటర్ల మందం. ఇది దాదాపు 900 గ్రాములు. సన్నటి దానికన్నా బరువు కాస్త ఎక్కువే. అయినా పొట్టిది కనుక బరువు వెనక్కి చేరుతుంది. చేతికి తెలిసే లాగుడు రెండింటికీ దాదాపు ఒకటే. బిగువు మాత్రం సన్నటిదానికన్నా నాలుగు రెట్లకు పైగా ఎక్కువ. పైగా పాయింట్ 22 తూటాలో మందు కొంచెమే. అది 40 సెంటీమీటర్లలో కాలిపోతుంది. అంతకు మించిన పొడవు గుండుకు పెద్దగా వేగం ఇవ్వదు. పోటీల్లో వాడే తూటాలు ధ్వని వేగానికి లోబడి నడిచేవే కనుక ఆ కొంచెం వేగం అక్కర్లేదు కూడా. కాబట్టి చిన్న ఒంటివాళ్లకు నా సలహా మారదు: పొట్టిది తీసుకోండి, మరీ సన్నటిది వద్దు.

బ్యారెల్ పొట్టిదైతే ముందు సైట్ దగ్గరికి వస్తుంది, గురిలో తేడా గుర్తించడం కష్టమవుతుందని కొందరి భయం. అది నిజమైన భయమే. దానికి మందు కూడా ఉంది. అల్యూమినియం గొట్టం ఒకటి మూతికి బిగించి, సైట్‌ను దాని చివర పెడతారు. పోటీ ఎయిర్ రైఫిళ్లలో అసలు బ్యారెల్ దాదాపు 42 సెంటీమీటర్లే, పైకి కనిపించే మిగతాది ఇలాంటి తేలిక గొట్టమే. రైఫిల్ యంత్రాంగం వెనక కొస నుంచి ఆ మూతి దాకా మొత్తం 850 మిల్లీమీటర్లు దాటకుండా చూసుకుంటే చాలు.

మీద పొడవునా గాడులు తీసిన బ్యారెళ్లు, కార్బన్ ఫైబర్ చుట్టినవి కూడా దొరుకుతాయి. గాడుల బ్యారెల్ అదే బరువున్న నున్నటి బ్యారెల్ కన్నా బిగువైనది, గాడులు తీయకముందు తానున్నంత బిగువు మాత్రం కాదు. ఖర్చు భరించగలిగితే మంచివే. పొట్టి బ్యారెల్‌తో పని జరిగే చోట వాటి అవసరం తక్కువ.

7. మరీ తేలికైనా గురి నిలవదు

ఇంత చెప్పాక, అన్నిటికన్నా తేలికైనది కొనేద్దామని కొందరు బయల్దేరతారు. ఆగండి. బరువుకు ఒక సుగుణం ఉంది, అది ఊగడాన్ని అడ్డుకుంటుంది. మూతిని కిందికి లాగే గుణం దూరంతో పెరిగితే, ఊగడాన్ని అడ్డుకునే గుణం దూరం వర్గంతో పెరుగుతుంది. 20 సెంటీమీటర్ల దగ్గరున్న 100 గ్రాములను 60 దగ్గరికి జరిపితే లాగుడు మూడింతలు, నిలకడ తొమ్మిదింతలు.

దీన్ని పిల్లకు అనుకూలంగా మలుచుకోవచ్చు. మూతి దగ్గర కేవలం 50 గ్రాములు పెట్టండి. అది చేతిని లాగేది 20 సెంటీమీటర్ల దగ్గర పెట్టిన 150 గ్రాములంతే. నిలకడ మాత్రం దానికి మూడింతలు ఇస్తుంది. ఆ 50 గ్రాములకు జవాబుగా చేతికి 40 సెంటీమీటర్ల వెనక, బట్ దగ్గర 75 గ్రాములు తగిలిస్తే, మూతి వైపు అదనపు లాగుడే ఉండదు. మొత్తం కలిపి 125 గ్రాములతో రైఫిల్ కుదుటపడుతుంది. తేలిక బ్యారెల్ కొనమని నేను చెప్పేది ఇందుకే. తేలికదానికి కావలసిన చోట కావలసినంత బరువు తగిలించుకోవచ్చు. బరువైనదాంట్లోంచి తీయడం కుదరదు.

8. బ్యారెల్ కింద వేలాడేదాన్ని మరిచిపోవద్దు

ఎయిర్ రైఫిల్‌లో బ్యారెల్ కిందే గాలి సిలిండర్ ఉంటుంది. 200 బార్ ఒత్తిడిని తట్టుకునే గట్టి గొట్టం అది. ఉక్కు సిలిండర్‌కూ అల్యూమినియం సిలిండర్‌కూ, పొడుగు దానికీ పొట్టి దానికీ బరువులో తేడా పిల్ల చేతికి వెంటనే తెలుస్తుంది. బ్యారెల్ మార్చడం కన్నా సిలిండర్ మార్చడం చాలా సులువు. పొట్టి సిలిండర్‌తో మధ్యలో గాలి నింపుకోవాల్సి వస్తుందేమో ముందే చూసుకోండి. పాత రైఫిల్ కొంటున్నారంటే సిలిండర్ మీద అచ్చు వేసిన తేదీ తప్పక చదవండి. సాధారణంగా తయారైన పదేళ్లకు దాని గడువు తీరుతుంది. గడువు దాటినది పోటీకి పనికిరాదు, ఇంట్లో ఉంచుకోవడమూ క్షేమం కాదు.

9. పెద్ద తూటాల దగ్గర ఈ లెక్కలు తిరగబడతాయి. బ్యారెల్ కోయించడం ఎక్కడా పనికిరాదు

ఇప్పటిదాకా చెప్పింది ఎయిర్ రైఫిల్‌కు, పాయింట్ 22కు. వాటిలో భుజానికి తగిలే దెబ్బ లెక్కలోకి రాదు, కాబట్టి బరువు తగ్గించినందుకు భుజం శిక్ష అనుభవించదు. పెద్ద తూటాల విషయం వేరు. త్రీ నాట్ త్రీ చరిత్రే ఇందుకు సాక్ష్యం. రెండో ప్రపంచయుద్ధంలో అడవుల్లో తిరిగే సిపాయి కోసం, ఆ తూటా కాల్చే లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌ను పొట్టి చేసి, లోహాన్ని అక్కడక్కడ చెక్కేసి, 1944లో జంగిల్ కార్బైన్ తెచ్చారు. నాలుగు కిలోల పైచిలుకు రైఫిల్ 3.2 కిలోలకు దిగింది. మోయడానికి హాయి. కానీ అదే తూటాకు తుపాకీ బరువు అంత తగ్గితే, భుజాన్ని తాకే శక్తి దాదాపు పావు వంతు పెరుగుతుంది. బట్‌కు రబ్బరు మెత్త వేసినా దెబ్బ గట్టిగానే ఉండేది. గురి ఉన్నచోట ఉండక జరిగిపోతోందన్న ఫిర్యాదులూ వచ్చాయి. 1947తో దాని తయారీ ఆగిపోయింది. పెద్ద తూటా, సన్నటి బ్యారెల్, చిన్న ఒళ్లు అన్న మూడింటినీ ఒకచోట చేర్చకూడదు. భుజం ఒకసారి భయపడితే, వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లేలోపే కన్ను మూసుకుంటుంది. ఆ అలవాటు మాన్పించడం కొత్తగా నేర్పడం కన్నా కష్టం.

పొట్టి బ్యారెల్ మంచిదన్నాను కదా అని ఉన్నదాన్ని లేత్ షాపుకు మోసుకుపోవద్దు. 1959 ఆయుధాల చట్టం 6వ సెక్షన్ ప్రకారం, అందుకోసం లైసెన్సు లేకుండా తుపాకీ బ్యారెల్ పొడవు తగ్గించడం నేరం. ఎయిర్ రైఫిల్‌లో వేరే నష్టం. చాలా పోటీ బ్యారెళ్లు మూతి దగ్గర వెంట్రుకవాసి బిగుతుగా తయారవుతాయి. పెల్లెట్ ప్రతిసారీ ఒకే తీరున బయటికి వచ్చేది ఆ బిగుతు వల్లే. కోస్తే పోయేది ముందు అదే. మూతి అంచు ఏ కొంచెం వంకర పోయినా, పెల్లెట్ వెనక నుంచి వచ్చే గాలి దాన్ని ఒక పక్కకు నెడుతుంది. 10 మీటర్ల లక్ష్యంలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. ఆ చుక్క దగ్గర అందాజు పనులకు చోటు లేదు. తయారీదారు పొట్టిగా చేసినదే కొనండి.

10. చివరి పది షాట్లను, పిల్ల మాటను నమ్మండి

తగిన బరువు దొరికిందో లేదో మొదటి షాట్లలో తెలియదు. 60 షాట్ల సాధనలో మొదటి పదినీ చివరి పదినీ పక్కపక్కన పెట్టండి. నేను చూసినంతలో, మొదట బాగుండి చివర్లో గుంపు కిందికి జారితే మూతి బరువు ఎక్కువ. మొదటి షాట్ నుంచే అన్ని వైపులా చెదిరి, ట్రిగ్గర్ నొక్కగానే మూతి ఎగిరిపడుతుంటే రైఫిల్ మరీ తేలిక. స్కాట్ లాంటి ఎలక్ట్రానిక్ శిక్షణ పరికరం ఉంటే ఆ కదలికంతా గీతల్లో కనిపిస్తుంది. మార్చేటప్పుడు ఒకసారికి 50 గ్రాములు మించి మార్చకండి. మార్చాక కొన్ని రోజులు అలాగే ఉండనిచ్చి, అప్పుడు తీర్పు చెప్పండి.

కాగితం మీద గుంపు బాగుండి, పిల్ల "నడుము లాగుతోంది" అంటే, పిల్ల మాటే నిజం. పెరిగే వయసులో వెన్నుకు వచ్చే నొప్పిని "అలవాటవుతుందిలే" అని ఏ కోచ్ కూడా తోసిపుచ్చకూడదు. ఆ రోజు రైఫిల్ దించేయమనండి. నొప్పి తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. పిల్ల ఎదుగుతుంది, చేతులు సాగుతాయి, భుజం గట్టిపడుతుంది. అందుకని కొన్ని నెలలకోసారి బట్ కొలత, సుద్దగీతలు, బరువులు అన్నీ మొదటినుంచి చూడాలి. సాధించాల్సిన బలం వచ్చాక 5 కిలోలైనా ఆమే అడిగి తగిలించుకుంటుంది.

క్లబ్బులు నడిపేవాళ్లకు, స్కూళ్ల వ్యాయామ ఉపాధ్యాయులకు ఒక్క విన్నపం. ఒక్కో పిల్లకు ఒక్కో రైఫిల్ కొనే స్తోమత మన మధ్యతరగతి ఇళ్లకు లేదు. క్లబ్బు రైఫిలే వాళ్లకు దిక్కు. తర్వాతి కొనుగోలు జాబితాలో పొట్టి బ్యారెల్, పొట్టి బట్, తేలిక సిలిండర్ ఉన్న జూనియర్ రైఫిల్ ఒక్కటైనా రాయించండి. పెద్ద రైఫిల్‌ను ఎదిగినవాళ్లు మాత్రమే వాడగలరు. చిన్న రైఫిల్‌తో ఒకరి తర్వాత ఒకరుగా ఎందరో పిల్లలు మొదలుపెట్టగలరు. వాళ్లలో ఎవరికి ఆట వస్తుందో ఎవరికి రాదో అప్పుడు న్యాయంగా తేలుతుంది.